ఎక్కడానికీ దిగడానికీ ఒకటే సైకిల్: ముందు వద్దన్నదాన్నే మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను

నా పాత హార్డ్‌టెయిల్ మౌంటెన్ బైక్ మీద నాలుగేళ్లు తిరిగాను. వెనక సస్పెన్షన్ లేదు, ముందు 100 మి.మీ. కుంగే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు), సన్న టైర్లు. అన్నీ దాని మీదే నేర్చుకున్నాను కాబట్టి దాన్ని తిట్టబుద్ధి కాదు, కానీ చివరి ఏడాదిలో రాళ్ల దారి దిగి కిందికొచ్చేసరికి బ్రేక్ లివర్ మీద బిగుసుకుపోయిన వేళ్లు విప్పుకోవడానికే ఒక నిమిషం పట్టేది. నిటారు ఎత్తుల్లో ఇంకో బాధ. ముందు చక్రం తేలిపోయి అటూ ఇటూ తిరిగేది, దాన్ని నేలకు అదమడానికి సీటు మొన మీదికి జరిగి, గడ్డం హ్యాండిల్‌కి తగిలేంతగా వంగి తొక్కేవాణ్ని. అంటే ఎక్కేటప్పుడూ సుఖం లేదు, దిగేటప్పుడూ లేదు.

ఒకరోజు స్నేహితుడు తన ఎండ్యూరో సైకిల్ చేతికిచ్చి, "తొక్కి చూడరా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ముందు 170, వెనక 165 మి.మీ. ట్రావెల్ (సస్పెన్షన్ కదిలే దూరం), నాలుగు వేళ్ల మందం టైర్లు, బరువు పదహారున్నర కిలోలు. దిగేటప్పుడు నిజంగానే నోట మాట రాలేదు. నేను నాలుగేళ్లుగా ఏ రాయి పక్కనుంచి పోవాలా అని లెక్కలేసుకుంటూ దిగిన చోట, అది రాళ్ల మీదుగానే పోయింది. సరే ఇదే కొనేద్దాం అనుకున్నాను. మరుసటి వారం అదే సైకిల్ అడిగి తీసుకుని, ఈసారి నా మామూలు దారి మొత్తం తొక్కాను. ఎనిమిది నిమిషాలు దిగడం కోసం యాభై నిమిషాలు ఎక్కాల్సి వచ్చింది, పిక్కలు పట్టేశాయి, పైకి చేరాక దిగాలన్న ఉత్సాహం కూడా మిగల్లేదు.

ఈ తగువు మౌంటెన్ బైకులు పుట్టినప్పటినుంచీ ఉన్నదే. 1976 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర మొదలైన రీప్యాక్ పందెంలో వాడినవి లావు టైర్ల పాత బరువు సైకిళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు, దాదాపు 400 మీటర్లు దిగేలోపు హబ్‌లో గ్రీజు మాడిపోయేది, మళ్లీ కొత్త గ్రీజు దట్టించుకోవాలి, పందేనికి ఆ పేరు అందుకే వచ్చింది. పైకి మాత్రం తోసుకుంటూనో, ట్రక్కులో వేసుకునో వెళ్లేవాళ్లు. వాటికి గేర్లు బిగించి ఎక్కడానికి కూడా పనికొచ్చేలా చేసుకోవడం మొదలెట్టాకే మనం ఇప్పుడు మౌంటెన్ బైక్ అంటున్నది తయారైంది. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌గా మొదలై 2023లో ఎండ్యూరో వరల్డ్ కప్‌గా మారినలాంటి పందేల్లో దిగేదానికే టైమ్ లెక్కిస్తారు, పైకి ఎక్కువగా సొంత కాళ్ల మీదే చేరాలి కానీ ఇచ్చిన గడువులోపు చేరితే చాలు. మా వాడి సైకిల్ ఆ లెక్క కోసం తయారైనది. నా లెక్క అది కాదు.

నా లెక్క ఏంటో తెలుసుకోవడానికి ఒక నెల రోజులు ఫోన్‌లో రికార్డు పెట్టి తొక్కాను. సగటున రెండు గంటల ఇరవై నిమిషాలు బయట ఉంటే, అందులో ఎక్కడం గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు, దిగడం పదిహేడు నిమిషాలు, మిగతాది చదును దారి, నీళ్లు తాగడం, చెయిన్ తుడుచుకోవడం, కబుర్లు. ఇది చూసి ఎవరైనా "మరి ఎక్కడానికి తేలిగ్గా ఉండేది కొనుక్కో" అంటారు. కానీ నేను ఇంట్లోంచి బయల్దేరేది ఆ పదిహేడు నిమిషాల కోసమే కదా. కాబట్టి నాకు కావలసింది ఎత్తుల్లో పందెం గెలిచే సైకిల్ కాదు, పైకి చేరేసరికి నాలో ఇంకా దిగే ఓపిక ఉంచే సైకిల్. ఈ ఒక్క వాక్యం స్పష్టంగా అనుకోవడానికి నాకు నెల పట్టింది, అది ముందే అనుకుని ఉంటే తర్వాత చేసిన సగం తప్పులు చేసేవాణ్ని కాదు.

తప్పుల్లో మొదటిది, పద్నాలుగు మోడళ్లతో పెద్ద పట్టిక వేసుకుని ట్రావెల్ ప్రకారం వరుసగా పేర్చడం. క్రాస్ కంట్రీ సైకిళ్లకు 100 నుంచి 120 మి.మీ., ట్రైల్ సైకిళ్లకు 120 నుంచి 150, ఎండ్యూరోకి 150 నుంచి 170, పూర్తి డౌన్‌హిల్‌కి 200 దాకా. మరి నాకు రెండూ కావాలి కాబట్టి మధ్యలో 140 చూసుకుంటే సరిపోతుంది అనుకున్నాను. ట్రావెల్ అంటే చక్రం ఎంత పైకి కదలగలదు అన్న అంకె మాత్రమే, ఆ సైకిల్ మీద మనిషి ఎక్కడ కూర్చుంటాడు, బరువు ఏ చక్రం మీద పడుతుంది అన్న సంగతి అది చెప్పదు. ఒకే 140 ఉన్న రెండు సైకిళ్లు ఒకదానికొకటి ఏ సంబంధమూ లేనట్టు నడుస్తాయి.

చివరికి మూడు సైకిళ్లు తేల్చుకుని ఒక్కోటి ఒక్కో వారాంతం అద్దెకు తీసుకున్నాను. మూడింటికీ ఒకే దారి, 300 మీటర్ల ఎత్తు, అందులో మొదటి సగం మెత్తటి మట్టి బాట, తర్వాత రాళ్లూ వేళ్లూ ఉన్న సన్న దారి.

మొదటిది 120 మి.మీ. ట్రావెల్, పన్నెండున్నర కిలోలు. ఎక్కుతుంటే ప్రాణం లేచొచ్చింది. పెడల్ మీద కాలేస్తే చాలు ముందుకు దూకుతోంది. దిగేటప్పుడు కూడా పైభాగం అంతా బాగానే ఉంది, మలుపుల్లో చురుగ్గా తిరిగింది. కింద రాళ్ల గుంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోర్క్ మొత్తం ముడుచుకుపోయి అడుగు తగిలింది, ఒకసారి కాదు, మూడుసార్లు. నా హార్డ్‌టెయిల్ కంటే మేలే, కానీ ఆ రాళ్ల దగ్గర అదే పాత భయం.

రెండోది 140 మి.మీ. ఫోర్క్, వెనక 130. కాగితం మీద నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. హెడ్ యాంగిల్ (ఫోర్క్ నేలతో చేసే కోణం) 65.5 డిగ్రీలు, సీట్ యాంగిల్ (సీటు గొట్టం నేలతో చేసే కోణం) 77, బరువు 14 కిలోల పైన కొంచెం. తొక్కాక మాత్రం నిరాశ. ఎత్తు మొదలవగానే వాలు కుర్చీలో కూర్చుని తొక్కుతున్నట్టు అనిపించింది. వెనక భాగం కూరుకుపోతోంది, ముందు చక్రం దారి వెతుక్కుంటూ అటూ ఇటూ పోతోంది, రాళ్ల మధ్య ఎడమ పెడల్ రెండుసార్లు నేలకు కొట్టుకుంది. దిగేటప్పుడు కూడా ఏదో బురదలో నడుస్తున్నట్టు. పట్టికలో దాని మీద గీత కొట్టేశాను.

మూడోది ముందు 160, వెనక 150, పదిహేను కిలోల పైమాటే. హెడ్ యాంగిల్ 64. దీన్ని చూడగానే ఎక్కేటప్పుడు మళ్లీ అదే నరకం అనుకున్నాను, కానీ జరిగింది వేరు. నెమ్మదిగా ఎక్కింది, అది నిజం. అయితే అన్నింటికంటే నిటారుగా ఉన్న చోట, నేను నాలుగేళ్లలో పట్టుమని పదిసార్లు కూడా కాలు పెట్టకుండా ఎక్కని చోట, ఇది ముందు చక్రం కదలకుండా, వెనక చక్రం జారకుండా ఎక్కేసింది. నేను ముందుకు వంగను కూడా లేదు. నా తేలికపాటి హార్డ్‌టెయిల్ ఓడిపోయిన చోట ఈ ఏనుగు ఎలా గెలిచింది అన్నది అర్థం కాక, ఇంటికొచ్చి కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నాను.

అసలు సంగతి సీట్ యాంగిల్‌లో ఉంది. నా హార్డ్‌టెయిల్‌కి అది 73 డిగ్రీలు, ఈ మూడోదానికి 77.5. 720 మి.మీ. ఎత్తున సీటు పెట్టుకునే నాలాంటి వాడికి నాలుగున్నర డిగ్రీల తేడా అంటే సీటు దాదాపు ఐదున్నర సెంటీమీటర్లు ముందుకు జరిగినట్టు. చదును నేల మీద అది పెద్ద విషయం కాదు. కానీ 20 శాతం ఎత్తు అంటే సైకిల్ 11 డిగ్రీలకు పైగా వెనక్కి వాలుతుంది. అప్పుడు 73 మీద కూర్చున్నవాడు 62 మీద ఉన్నట్టు, అంటే శరీరం మొత్తం వెనక ఇరుసు వైపు వేలాడుతూ ఉంటుంది. 77.5 మీద కూర్చున్నవాడు 66 మీద ఉంటాడు. ముందు చక్రం తేలకుండా ఉండటానికి నేను ఇన్నాళ్లూ నడుముతో, మెడతో చేస్తున్న పనిని ఆ సైకిల్‌కి ఫ్రేమే చేసి పెడుతోంది. దీనికి తోడు వెనక ఇరుసుకీ పెడళ్లకీ మధ్య దూరం, అదే చెయిన్‌స్టే, దానికి 442 మి.మీ. ఉంది. అది పొడుగైన కొద్దీ ఎత్తుల్లో ముందు భాగం లేవదు, అయితే మరీ పొడుగైతే ముందు చక్రం ఎత్తి గంతు వేయడం కష్టం.

హెడ్ యాంగిల్ వాల్చినందుకు చెల్లించే మూల్యాన్ని సీటు నిటారుగా నిలబెట్టి రాబట్టుకుంటున్నారు అన్నమాట. ఫోర్క్ ముందుకు వాలి ఉంటే వేగంగా దిగేటప్పుడు చక్రం నిలకడగా ఉంటుంది, కానీ నెమ్మదిగా ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఓ పక్కకు పడిపోతూ ఉంటుంది. మనిషి బరువు కాస్త ముందుకు తెస్తే ముందు చక్రం నేలను పట్టుకుని ఉంటుంది, దాన్ని అదుపు చేయడం తేలికవుతుంది. ఇక్కడ ఒక మోసం కూడా ఉంది, పొడుగు మనుషులు చూసుకోవాలి. కంపెనీ రాసే అంకె ఎఫెక్టివ్ సీట్ యాంగిల్, అంటే సాధారణంగా ఫ్రేమ్ ముందు గొట్టం పై అంచు ఎత్తులో సీటు ఉందనుకుని కట్టిన లెక్క. అసలు గొట్టం అంతకంటే వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి సీటు ఎంత పైకి లేపితే అంత వెనక్కి పోతుంది. ఆరడుగులు దాటినవాళ్లకి కాగితం మీద 77 అన్నది తొక్కేటప్పుడు 75 కూడా కాకపోవచ్చు. నేను 174 సెంటీమీటర్లే కాబట్టి నాకు పెద్ద తేడా రాలేదు.

సరే, మూడోదే కొందాం అని దాదాపు నిశ్చయించుకున్నాను. ఒక్క విషయమే వెనక్కి లాగింది. మామూలు చదును దారుల్లో, చిన్నచిన్న ఎగుడుదిగుళ్లలో అది మొద్దుగా ఉంది. వేగం ఉంటేనే దానికి ప్రాణం వస్తుంది, వేగం లేకపోతే సోఫా ఈడ్చుకెళుతున్నట్టు ఉంటుంది. నా దారుల్లో సగం అలాంటివే.

సైకిల్ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు అక్కడి మెకానిక్ కుర్రాడితో మాటల్లో రెండోదాని గురించి చెప్పాను, కాగితం మీద బంగారంలా ఉంది కానీ తొక్కితే ఏమీ లేదని. అతను ఒకటే అడిగాడు: "అన్నా, సాగ్ ఎంత పెట్టుకుని తొక్కావు?" సాగ్ అంటే మనిషి కూర్చోగానే సస్పెన్షన్ ఎంత కుంగుతుందో ఆ కొలత.

నాకు జవాబు లేదు. మొదటిదానికీ మూడోదానికీ వాళ్లే నన్ను కూర్చోబెట్టి సస్పెన్షన్‌లో గాలి సరిచూశారు. రెండోదాని రోజు రద్దీ ఎక్కువగా ఉండి నేనే తీసుకుని వెళ్లిపోయాను. అది ముందు రోజు నాకంటే బాగా సన్నటి మనిషి తొక్కిన సైకిల్. మెకానిక్ దాన్ని మళ్లీ బయటికి తీసి, గాలి ముట్టుకోకుండా నన్ను సామానుతో సహా ఎక్కించి, షాక్ (వెనక సస్పెన్షన్ గొట్టం) మీద రబ్బరు రింగు ఎక్కడిదాకా జరిగిందో కొలిచాడు. షాక్ మొత్తం కదిలే దూరం, అదే స్ట్రోక్, 50 మి.మీ.లో 21 మి.మీ. అంటే ఊరికే కూర్చుంటేనే 42 శాతం దిగిపోయింది. ఉండాల్సింది 30 శాతం, 15 మి.మీ.

ఆరు మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ 130 మి.మీ. ట్రావెల్‌ని 50 మి.మీ. షాక్‌తో నడిపిస్తే షాక్ దగ్గర ఒక మిల్లీమీటర్ చక్రం దగ్గర రెండున్నర పైన అవుతుంది. ఆరు అంటే పదిహేను, పదహారు. ఇరుసుల మధ్య 1200 మి.మీ. ఉన్న సైకిల్‌లో వెనకవైపు అంత కుంగితే మొత్తం ఫ్రేమ్ ముప్పాతిక డిగ్రీ వెనక్కి వాలుతుంది. సీటూ వాలుతుంది, ఫోర్కూ వాలుతుంది. ఇది చదును మీద. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి షాక్ ఇంకా కుంగుతుంది, ముందు ఫోర్క్ సాగుతుంది. పెడళ్లు కూడా నేలకు దగ్గరవుతాయి. నేను ఏ 77 డిగ్రీల సైకిల్ నచ్చలేదని గీత కొట్టానో దాన్ని అసలు తొక్కనే లేదు.

మళ్లీ అద్దెకు తీసుకున్నాను. ఈసారి వెనక 30 శాతం, ముందు ఫోర్క్‌కి 20 శాతం, అంటే 28 మి.మీ. కుంగేలా గాలి పెట్టి, రీబౌండ్ (కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం) కూడా సరిచూసి పంపాడు. మట్టి బాట మీద మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఆ నిటారు చోట మూడోదానంత ధీమాగా కాకపోయినా కాలు పెట్టకుండా ఎక్కాను. కింద రాళ్ల గుంపులో మొదటిదాని కంటే చాలా మెరుగు, మూడోదాని కంటే కొంచెం జాగ్రత్త. చదును దారుల్లో బతికే ఉంది. వాలు కుర్చీ ఎక్కడికి పోయిందో.

బరువు గురించి కూడా అప్పుడే తేల్చుకున్నాను. మొదటిదానికీ రెండోదానికీ దాదాపు రెండు కిలోల తేడా. నేను 72 కిలోలు, హెల్మెట్, నీళ్లు, సంచి కలిపి ఇంకో ఐదు, సైకిల్ పద్నాలుగు, మొత్తం 91. ఇందులో రెండు కిలోలు అంటే రెండు శాతం చిల్లర. నలభై నిమిషాల ఎత్తులో అదే శక్తితో తొక్కితే యాభై సెకన్లు. పందెం తొక్కేవాడికి యాభై సెకన్లు జీవితం, నాకు పైన నీళ్ల సీసా మూత తీసేంత సేపు. కార్బన్ ఫ్రేమ్ ఆలోచన అక్కడితో ఆగిపోయింది, అల్యూమినియమే తీసుకుని మిగిలింది టైర్లకూ బ్రేకులకూ పెట్టాను.

టైర్ల సంగతి మాత్రం నేను ఊహించనిది. కొనేముందు ఆ కుర్రాడే అదే సైకిల్‌కి రెండు జతల చక్రాలు మార్చి ఇచ్చాడు, రెండు వరుస ఆదివారాలు. ఒక జత మీద డౌన్‌హిల్ కేసింగ్ (మందపాటి టైర్ గోడలు) ఉన్న మెత్తటి రబ్బరు టైర్లు, ఒక్కోటి 1300 గ్రాములు. రెండో జత మీద ట్రైల్ కేసింగ్, ఒక్కోటి 950 దగ్గర, వెనక టైర్‌కి నేలను పట్టే గుబ్బలు పొట్టిగా, దగ్గరదగ్గరగా. గుండె వేగం ఒకేలా ఉంచుకుని ఎక్కితే మొదటి జతతో 42 నిమిషాలు, రెండో జతతో 38న్నర. బరువు తేడా 700 గ్రాములే, దాని వాటా ఇరవై సెకన్లు కూడా రాదు. మిగతా మూడు నిమిషాలు ఆ మెత్తటి రబ్బరు, మందపాటి గోడలు పీల్చేసుకున్నవే. తిరిగే బరువు రెట్టింపు లెక్క అంటూ చాలామంది చెబుతారు కానీ ఒకే వేగంతో నెమ్మదిగా ఎక్కేటప్పుడు అది వర్తించదు, ఎక్కడున్నా గ్రాము గ్రామే. నా మాట అడిగితే, ఫ్రేమ్‌లో కిలో తగ్గించుకోవడానికి తాపత్రయపడేవాళ్లు ముందు వెనక టైర్ మార్చి చూడాలి. మా వాడి ఎండ్యూరో నన్ను చంపింది సగం టైర్లతోనే అని ఇప్పుడు అనిపిస్తుంది.

చివరికి ముందు చక్రానికి పట్టు బాగా ఉన్న 2.5 అంగుళాల మెత్తటి టైర్, వెనక తేలిగ్గా దొర్లే 2.4 వేయించాను. ముందు జారితే మనిషి పడతాడు, వెనక జారితే నవ్వుకుంటాడు, కాబట్టి పొదుపు వెనకే చేయాలి. రెండూ ట్యూబ్‌లెస్, గాలి ముందు 21, వెనక 24 పీఎస్ఐ.

సైజు దగ్గర రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఎం, ఎల్ రెండింటి మధ్య ఉన్నాను. రీచ్ అంకె చూసి భయపడ్డాను ముందు, పాత సైకిల్‌కి 415 ఉంటే దీని ఎం సైజుకే 450. అంత దూరం వంగి ఎలా తొక్కుతాను అనుకున్నా. కానీ రీచ్ అన్నది పెడళ్ల మీద నిలబడినప్పుడు హ్యాండిల్ వైపు ఉండే దూరం, అంటే దిగేటప్పటిది. కూర్చుని ఎక్కేటప్పటి దూరం టాప్ ట్యూబ్ పొడవుతో తెలుస్తుంది. పాతదానికి అది 601, కొత్త ఎం సైజుకి 593. సీటు ముందుకు జరిగింది కాబట్టి నిలబడితే మూడున్నర సెంటీమీటర్లు పొడుగైన సైకిల్ కూర్చుంటే కొంచెం పొట్టిదైంది! ఎల్ సైజుకి రీచ్ 475, టాప్ ట్యూబ్ 620. అది వేగంలో ఇంకా నిలకడగా ఉంటుంది కానీ ఎత్తు మీద బిగుతు మలుపులు తిప్పడం నాకు కష్టమైంది, రెండుసార్లు చెట్టు పట్టుకుని ఆగాను. ఎం తీసుకున్నాను. వేగంగా దిగడమే ముఖ్యం అనుకునేవాళ్లు నా ఎత్తులోనే ఎల్ తీసుకోవచ్చు, తప్పేమీ లేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. చక్రాలు రెండూ 29 అంగుళాలవే, వెనక 27.5 పెట్టే పద్ధతి పొట్టివాళ్లకీ దిగేటప్పుడు బాగా వెనక్కి జరిగేవాళ్లకీ మంచిది, ఎక్కేటప్పుడు పెద్ద చక్రమే రాళ్ల మీద తేలిగ్గా దొర్లుతుంది. బ్రేకులు నాలుగు పిస్టన్లవి, ముందు 203 మి.మీ. రోటర్ (బ్రేకు పట్టే పళ్లెం), వెనక 180. డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే సీటును కిందికి దించే గొట్టం) 180 మి.మీ., కొనేముందు అది ఫ్రేమ్‌లోకి పూర్తిగా దిగుతుందో లేదో చూసుకోవాలి, నాకు ఐదు మి.మీ. తేడాతో సరిపోయింది. ఇవన్నీ తర్వాత మార్చుకోగలిగినవి. సీట్ యాంగిల్, రీచ్, చెయిన్‌స్టే మార్చుకోలేనివి. నా పట్టికలో ఈ రెండు రకాలూ కలగాపులగంగా ఉండేవి.

గేర్లు మాత్రం కాస్త చెప్పాలి. పాతదానికి ముందు 32 పళ్లు, వెనక పెద్దది 42. కొత్తదానికి వెనక 52. పెడల్ ఒక చుట్టు తిప్పితే పాతది 175 సెంటీమీటర్లు పోయేది, కొత్తది 142 పోతుంది. నిమిషానికి అరవై చుట్ల మీద పాతదాంతో గంటకు ఆరు కిలోమీటర్లకు పైగా వెళ్లక తప్పేది కాదు, వెళ్లలేకపోతే దిగి తొయ్యడమే. కొత్తదాంతో ఐదు కిలోమీటర్ల వేగంతో కూడా కూర్చుని తొక్కొచ్చు. నాకిప్పుడు ఊపిరి మిగులుతోంది అంటే అందులో ఫ్రేమ్ గొప్ప ఎంతో, ఈ పది పళ్ల గొప్ప కూడా అంతే.

కొని ఎనిమిది నెలలైంది. షాక్ మీద గట్టిపరిచే మీట ఉంది కదా, మొదట్లో ఎత్తు రాగానే నొక్కేసేవాణ్ని. మట్టి బాట మీద అది సరే. రాళ్ల ఎత్తులో నొక్కితే వెనక చక్రం ప్రతి రాయి మీదా ఎగిరి పట్టు పోతుంది, హార్డ్‌టెయిల్‌తో పడ్డ పాట్లే మళ్లీ. అక్కడ వదిలేస్తేనే చక్రం నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, పెడల్ తొక్కినప్పుడల్లా కుంగే బాధ కూడా ఈ ఫ్రేమ్‌కి తక్కువే. ఒకసారి పైన మీట వదలడం మర్చిపోయి దిగాను, సగం దూరం దాకా షాక్ పాడైందేమోనని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. నిటారు సీటు వల్ల పొడవాటి చదును దారుల్లో బరువు మణికట్ల మీద పడుతుంది, గంట దాటితే తెలుస్తుంది. వెనక తేలిక టైర్ గోడ ఒకసారి పదునైన రాయికి చీలిపోయింది, చిల్లులు పూడ్చడానికి టైర్‌లో పోసే ద్రవం ఆపలేకపోయింది, లోపల అట్టముక్క అడ్డం పెట్టి ట్యూబ్ వేసుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడు వెనక మాత్రం కొంచెం మందం కేసింగ్ వేశాను, ఎక్కే టైమ్‌లో ఒక నిమిషం పోయింది, పోనీ.

అన్నింటికంటే విసిగించేది పెడళ్లు రాళ్లకు కొట్టుకోవడం. గాలి సరిగ్గా ఉన్నా అప్పుడప్పుడూ తగులుతూనే ఉంది, ఎక్కేటప్పుడే. ఫ్రేమ్‌లో షాక్ బిగించే చోట చిన్న చిప్ ఒకటి తిప్పి పెట్టే ఏర్పాటు ఉంది, దాన్ని పై స్థానంలోకి మార్చాను. పెడళ్లు ఏడు మి.మీ. పైకి లేచాయి, హెడ్ యాంగిల్, సీట్ యాంగిల్ రెండూ అర డిగ్రీ నిటారయ్యాయి. ఎక్కడానికి ఇంకా హాయి, దిగేటప్పుడు వేగం బాగా పెరిగిన చోట ముందు భాగం కొంచెం తొందరపడుతున్నట్టు ఉంటోంది. నెల రోజులు చూసి మళ్లీ కిందికి మార్చాను, పదిహేను రోజులకు మళ్లీ పైకి. ఇప్పుడు 170 మి.మీ. క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు) తీసేసి 165 వేయించమని ఆ కుర్రాడికి చెప్పి వచ్చాను. అవి వస్తే చిప్ కింది స్థానంలోనే ఉంచి, ఎడమ పెడల్ తగిలే ఆ నాలుగో మలుపు దగ్గర ముందుగా చూడాలి.